మెరక ఎంతండీ?

ఇంటి దస్తావేజు రాయాలంటే ముందు చెక్కుబందీ కావాలి. తూర్పున ఫలానావారి పెంకుటిల్లు, దక్షిణాన మునిసిపల్ రోడ్డు, పడమర ఉమ్మడి గోడ, ఉత్తరాన ఫలానావారి ఖాళీ స్థలం. ఈ నాలుగు హద్దుల మధ్య ఎన్ని గజాలున్నాయో, నూతిలో ఎవరికెంత హక్కో, చూరు నీళ్ళు ఎటు పడాలో రాసి కింద సంతకాలు పెట్టిస్తే చట్టం దృష్టిలో ఇల్లు చేతులు మారినట్టే. బందరులో దస్తావేజు లేఖరిగా నా బతుకంతా ఈ నాలుగు హద్దుల మధ్యే గడిచింది. అయితే కృష్ణా డెల్టా అడుగుభాగాన ఇల్లు కొనేవాడెవడూ హద్దులు విని ఊరుకోడు. సంతకానికి కలం పట్టుకున్నాక కూడా తలెత్తి అడుగుతాడు: “మెరక ఎంతండీ?”

ఆ మాట రాయడానికి దస్తావేజులో గడి లేదు. అరుగు రోడ్డు మీదికి ఎన్ని అడుగులుంది, కిందటి ముసురుకి నీళ్ళు గేటు దగ్గరే ఆగాయా గుమ్మం ఎక్కాయా, ఇవన్నీ నోటిమాట మీద నడిచే లెక్కలు. బందరు, గుడివాడ, దివిసీమల్లో డబ్బున్నవాళ్ళు ఏ కాలంలో ఎక్కడ ఇళ్ళు కట్టుకున్నారో వరసగా చూసుకుంటూ వస్తే మాత్రం, నాలుగు వందల ఏళ్ళుగా ఈ ప్రశ్నే వాళ్ళని ఒక పేట నుంచి ఇంకో పేటకి నడిపించిందని నాకు అనిపిస్తుంది. బంగళాల వరస అనండి, పెద్దమనుషుల వీధి అనండి, ఇప్పటి కుర్రాళ్ళలా ‘పోష్ ఏరియా’ అనండి. తవ్వి చూస్తే అడుగున తోలించిన మట్టే ఉంటుంది.

బందరు రేవు వెలుగులో ఉన్నప్పుడు ఇక్కడ ఇల్లు ఉండటమంటే గోల్కొండ రాజ్యంలో పెద్ద హోదా. 17వ శతాబ్దం మొదట్లో డచ్చివాళ్ళు, 1611లో గ్లోబు అనే ఓడలో ఇంగ్లీషువాళ్ళు, 1669లో ఫ్రెంచివాళ్ళు వచ్చి కొట్లు తెరిచారు. కలంకారీ అద్దకాలు, వజ్రాలు, నీలిమందు, ఉప్పు, అన్నీ ఈ రేవు మీదుగానే. 1673లో ఇక్కడికి వచ్చిన ఫ్రయర్ అనే ఇంగ్లీషు వైద్యుడు, ధనవంతులైన ముస్లిముల ఇళ్ళని చూసి ముచ్చటపడ్డాడు. అవి కర్రతో కట్టి పైన సున్నం పూసిన ఎత్తయిన ఇళ్ళు, ముందు వసారా మేడలు, జల్లెడ కిటికీలు. కింది భాగాన్ని సామాన్లకి వదిలేసి మనుషులు పైన ఉండటం గాలి కోసమేనని ఆయన అనుకున్నట్టుంది. గాలి కోసమే కావచ్చు. కానీ పోటు వచ్చే ఊళ్ళో మేడ మెట్లు ఎందుకెక్కుతారో బందరు వాణ్ణి అడిగితే ఇంకో కారణం కూడా చెబుతాడు.

ఆ రోజుల ఆనవాళ్ళు పేటల పేర్లలో మిగిలాయి. వలందపాలెం డచ్చివాళ్ళది, ఇంగ్లీషుపాలెం కుంపిణీవాళ్ళది, పరాసుపేట ఫ్రెంచివాళ్ళది. ఈ మూడోదాని కథ విచిత్రం. దేశమంతా తెల్లదొరల పాలనలోకి వెళ్ళి, తిరిగి స్వతంత్రం వచ్చాక కూడా, బందరులో ఆ కాస్త నేల మీద ఫ్రెంచివాళ్ళ హక్కు అలాగే ఉంది. యానాం, పుదుచ్చేరి లాంటి పెద్ద స్థావరాలు వాళ్ళ చేతిలో ఇంకొన్నేళ్ళు ఉన్నాయి గానీ, బందరు, సూరత్, కోళికోడ్ లాంటి చోట్ల ఉన్న చిన్న చిన్న ‘లోజ్’ నేలలని 1947 అక్టోబరులో ఇండియాకి ఇచ్చేశారు. అంటే ఆగస్టు 15న కోనేరు సెంటర్లో జెండా ఎగిరిన రోజున కూడా కూతవేటు దూరంలో కొన్ని గజాలు పరాయి దేశం.

ఇక కోట సంగతి. బందరుకోట ఉన్నది సముద్రపు పాయల మధ్య, చిత్తడిలో. పేట ఉన్నది దానికి వాయవ్యంగా ఒకటిన్నర రెండు మైళ్ళ దూరంలో, చిత్తడికి పైన నిలిచిన నేల మీద. రెంటికీ మధ్య ఒక కట్ట దారి. 1759 ఏప్రిల్లో ఇంగ్లీషువాళ్ళ కర్నల్ ఫోర్డు, ఫ్రెంచివాళ్ళ చేతిలో ఉన్న ఆ కోట మీద రాత్రి వేళ పడినప్పుడు, మనిషి నడవలేడని ఫ్రెంచివాళ్ళు ధీమాగా వదిలేసిన బురద వైపు నుంచే కొందరిని పంపాడు. అలా కోట దక్కింది. అయితే దక్కిన కోటలో కాపురం ఉండటం వేరే సంగతి. ఉప్పునీరు, దోమలు, జ్వరాలు. సిపాయిలకి తప్పదు గానీ, తాహతు ఉన్న దొర మాత్రం కట్ట దాటి పేట వైపు బంగళా కట్టుకున్నాడు.

బంగళా అనగానే మనవాళ్ళకి పెద్ద ఇల్లే గుర్తొస్తుంది. చుట్టూ వదిలేసిన ఖాళీయే అసలు బంగళా. తెలుగు వీధిలో ఇంటి గోడకి గోడ ఆనుకుని ఉంటుంది, అరుగు రోడ్డు మీదికే ఉంటుంది, ఎవరింట్లో పోపు వేసినా నాలుగిళ్ళ వాళ్ళకి తెలుస్తుంది. దొర ఇల్లు నాలుగైదు ఎకరాల మధ్యన, దూరంగా ప్రహరీ, ప్రహరీ అవతల పనివాళ్ళ పాకలు. నిశ్శబ్దాన్ని డబ్బు పెట్టి కొనుక్కోవచ్చని ఈ ఊరికి మొదట చూపించింది ఆ ప్రహరీ గోడలే. ఆ జీవితం ఎంత ఒంటరిదో సెయింట్ మేరీ చర్చి కథ చెబుతుంది. అరబెల్లా రాబిన్సన్ అనే అమ్మాయిని ప్రేమించిన జనరల్ జాన్ పేటర్, 1809లో ఆమె చనిపోతే సమాధి మీద చర్చి కట్టించాడని ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకుంటారు. గాజు పెట్టె, తెరిచి చూసే తలుపు లాంటి ముచ్చట్లు కూడా జోడిస్తారు. వాటికి నేను పూచీ పడను. దస్తావేజు రాసేవాడికి సాక్షి సంతకం లేని మాట మీద నమ్మకం తక్కువ.

అసలు సిసలు ప్లాను గీసి కట్టిన పేట బందరులో రాబర్ట్‌సన్‌పేటే అనుకుంటాను. కలెక్టరు రాబర్ట్‌సన్ 19వ శతాబ్దం మొదటి భాగంలో వేయించిన కొత్త పేట అది. తిన్నని వీధులు, మధ్యలో అంగడి చౌకు. ఆ చౌకుకి అందం కావాలని ఆయన ఏం చేశాడో తెలుసా? 1830 ప్రాంతంలో అమరావతి వెళ్ళి, అక్కడి స్తూపం చుట్టూ పడి ఉన్న పాలరాతి శిల్పాలని తెప్పించి ఇక్కడ దిబ్బ మీద నిలబెట్టించాడు. వాటిలో కొన్ని తరవాత అలెగ్జాండర్ అనే రేవు అధికారి ఇంటి తోటలోకి చేరాయి. సున్నపుబట్టీల పాలు కాకుండా ఆ రాళ్ళు మిగిలింది దీనివల్లే అనేవాళ్ళున్నారు. నిజమే అయి ఉండొచ్చు. కానీ రెండు వేల ఏళ్ళ నాటి బౌద్ధ శిల్పం ఒక ఉద్యోగి పూలకుండీల పక్కన నిలబడటం తలుచుకుంటే నాకు ఇప్పటి కొత్త విల్లాల గేట్ల దగ్గర సిమెంటు బుద్ధుడు గుర్తొస్తాడు. ఆ రాళ్ళు చివరికి మద్రాసు మ్యూజియానికి వెళ్ళాయి. పేట మాత్రం ఆయన పేరుతోనే ఉంది.

ఆ తరవాత 1864 నవంబరు ఒకటి.

ఆ రాత్రి గాలివానతో పాటు సముద్రం 13 అడుగుల ఎత్తు లేచి ఊరి మీద పడింది. కొన్ని చోట్ల 17 మైళ్ళు లోపలికి నీళ్ళు వెళ్ళాయని, 30,000 మంది పోయారని లెక్క. గోర్డన్ మెకెంజీ 1883లో అచ్చయిన కృష్ణా జిల్లా మాన్యువల్‌లో ఆ ఉప్పెన గురించి విస్తారంగా రాశాడు. ఆ పేజీలు చదివినవాడికి ఆ రాత్రి నిద్ర పట్టదు. కోటలో దండు ఉంచడం మీద సర్కారుకి ఆశ పోయింది. ఓడల వ్యాపారం అప్పటికే కాకినాడ వైపు, మద్రాసు వైపు మళ్ళుతోంది. ఉప్పెన మిగిలిన ఊపిరి కూడా తీసేసింది. రెండేళ్ళకి, 1866లో, బందరుకి మునిసిపాలిటీ వచ్చింది.

మా తాతల నాటి వాళ్ళకి కాలం లెక్క ఉప్పెనే. ఫలానావాడు ఉప్పెనకి ముందు పుట్టాడు, ఫలానా ఇల్లు ఉప్పెన తరవాత కట్టింది అనేవారు. ఇంటి ధరలో కూడా ఆ లెక్క దూరింది. ఉప్పెనకి నిలిచిన గోడ ఉన్న ఇల్లంటే పక్కింటి కన్నా పై ధర. గట్టి ఇటుక, గానుగలో నూరిన ఆల్చిప్పల సున్నం, బర్మా రంగం నుంచి ఓడలో దిగిన టేకు దూలం, అన్నిటికీ మించి ఎత్తయిన పీఠం. బందరు పాత వీధుల్లో అరుగులు మనిషి నడుం ఎత్తున ఎందుకుంటాయని పైఊరివాళ్ళు అడుగుతారు. కూర్చుని కబుర్లు చెప్పుకోవడానికైతే అంత ఎత్తు అక్కర్లేదు కదా.

సముద్రం తీసుకున్నదాన్ని కృష్ణ తిరిగి ఇచ్చింది. ఉప్పెనకి ముందే, 1855కి, బెజవాడ దగ్గర ఆనకట్ట పూర్తయింది. ఆర్థర్ కాటన్ ఆలోచన, కెప్టెన్ ఓర్ పర్యవేక్షణ. బందరు కాలవ నీళ్ళతో పాటు పడవలని కూడా తెచ్చింది. పొలాల్లో రెండు గింజలు పండిన చోట పది పండేసరికి హద్దు తగాదాలు, దత్తత తగాదాలు, శిస్తు తగాదాలు పెరిగాయి. జిల్లా కోర్టు బందరులో ఉంది. కనక వకీళ్ళు వచ్చారు. వకీలు కట్టిన ఇల్లు చూడగానే తెలిసిపోయేది: ముందు హాలంతా ఆఫీసు, గోడల నిండా బీరువాలు, అరుగు మీద కేసుల పార్టీలు, వాళ్ళ కోసం విడిగా ఒక కుండలో మంచినీళ్ళు, లోపల మండువా, దాని వెనక ఆడవాళ్ళ వసారా, పెరట్లో నుయ్యి. 1908లో రైలు కూడా రావడంతో గుడివాడ పార్టీ ఉదయం బయలుదేరి వాయిదా చూసుకుని సాయంత్రానికి ఇంటికి చేరగలిగాడు.

ఈ వకీళ్ళ, మాస్టర్ల, డాక్టర్ల ఇళ్ళలోంచే 1902లో కృష్ణాపత్రిక, 1910లో జాతీయ కళాశాల, 1923లో భోగరాజు పట్టాభి సీతారామయ్య గారి ఆంధ్రా బ్యాంకు పుట్టాయి. నోబుల్ కాలేజీ అంతకు చాలా ముందు నుంచే, 1843 నుంచీ ఉంది. నెమ్మదిగా ఉండే వీధి ఒకటి పుస్తకం చదివే మనుషులని తయారు చేస్తుందనడానికి ఇంతకన్నా రుజువు ఏముంటుంది అని మా గురువుగారు, అంటే నాకు దస్తావేజు రాయడం నేర్పిన పెద్దాయన, గర్వంగా అనేవారు. ఆయన మాట సగమే నిజం. ఆ వీధుల్లోకి ఎవరు రాగలిగారో, ఎవరు రాలేకపోయారో ఆయన రాసిన కాయితాల్లోనే ఉంది.

పాత దస్తావేజు ఒకటి విప్పితే మొదటి వరసలోనే కనిపిస్తుంది: ఫలానా వారి కుమారుడు, ఫలానా కులం, వకీలు వృత్తి, బందరు కాపురం. ఇది రాసేవాడి చాదస్తం అనుకోకండి. 1908 రిజిస్ట్రేషను చట్టమే మనిషి వివరాల్లో కులం కూడా ఉండాలంది. చట్టం నుంచి ఆ మాట తీసేసింది 1956లో. తీసేశాక మా కలాలు ఆ మాట రాయడం క్రమంగా మానాయి. నోళ్ళు మానలేదు. ఇప్పటికీ ఇల్లు చూడటానికి వచ్చినవాళ్ళు గుమ్మంలో చెప్పులు విప్పుతూ, “ఈ వీధిలో అంతా మనవాళ్ళేనా?” అంటారు. అమ్మేవాడు కొనేవాడి ఇంటిపేరు విని ధర పెంచడం, బయానా తిరిగి ఇచ్చెయ్యడం నా కళ్ళ ముందు జరిగాయి. నెమ్మదైన వీధి అని మనం మురిసిపోయే చోట ఆ నెమ్మది ఎంతో కొంత ఇలా తలుపులు వెయ్యడం వల్ల వచ్చిందే. ఊరిని శుభ్రం చేసేవాళ్ళ కోసం ఇళ్ళ వెనక సందు వదిలారు, ఆ సందు కూడా చెక్కుబందీలో ‘దొడ్డి దారి’గా ఎక్కింది. వాళ్ళ ఇళ్ళు ఎక్కడున్నాయంటే, నీళ్ళు నిలిచే చోట.

మంచినీళ్ళ గురించి కూడా చెప్పాలి. బందరులో చాలా చోట్ల నుయ్యి తవ్వితే ఉప్పునీరు. నుయ్యి తియ్యన అయితే ఆ ఇంటి వాళ్ళకి సగం వీధి చుట్టాలే. అందుకే పాత అమ్మకపు కాయితాల్లో నిధి, నిక్షేపం, జలం, పాషాణం అంటూ అష్టభోగాల వరస రాసేటప్పుడు, నిధి నిక్షేపాల దగ్గర ఎవరూ ఆగేవారు కాదు, జలం దగ్గరే పేచీ. నూతిలో మూడో వంతు, వేకువన తోడుకునే హక్కు, గిలక మరమ్మతు ఖర్చు, ఇవన్నీ రాయించుకునేవారు. ఇప్పుడు ఊరికి తరకటూరు చెరువు నుంచి నీళ్ళు వస్తున్నాయి, నూతులు పూడ్చి పైన పార్కింగు చేస్తున్నారు, అష్టభోగాలు మాత్రం కంప్యూటరు ఫారంలో కూడా అలాగే అచ్చవుతున్నాయి.

గుడివాడ దారి వేరు. అది కోర్టు ఊరు కాదు, పంట ఊరు. బియ్యం మిల్లులు, బెల్లం, లారీలు. అక్కడా అసలు మెరక ఒకటుండేది, బౌద్ధుల నాటి స్తూపం దిబ్బ. ఆ స్తూపం ఇటుకలని రోడ్డు వెయ్యడానికి తవ్వుకుపోయారని 19వ శతాబ్దపు పురావస్తువాళ్ళే రాసి పెట్టారు. రోడ్డు మెరక చెయ్యడానికి చరిత్రని కంకర చేశారన్నమాట. 1937లో మునిసిపాలిటీ, 1950లో కాలేజీ. ఆ కాలేజీకి లక్ష రూపాయలు ఇచ్చిన నటుడు అక్కినేని నాగేశ్వరరావు గారి పేరే పెట్టారు. ఆయనది అక్కడికి దగ్గరి పల్లే, స్కూలు చదువు కూడా పెద్దగా సాగని మనిషి. ఆ కాలేజీ వచ్చాక చుట్టుపక్కల రైతుల ఆలోచన మారింది. పది ఎకరాల ఆసామి పల్లెలో మండువా ఇల్లు అలాగే ఉంచి, పిల్లల చదువుకని గుడివాడలో ఇంకో ఇల్లు చూసుకోవడం మొదలైంది. ముందు అద్దెకి, ఇల్లాలు పిల్లలతో అక్కడ, ఆయన పొలం దగ్గర. తరవాత రెండు ఎకరాలు అమ్మి సొంతం. అలా ఎదిగినవే అక్కడి కొత్త వీధులు. నెమ్మదైన పేట ఏదంటే గుడివాడలో ముందు రాజేంద్రనగర్ పేరు చెబుతారు. వెడల్పు రోడ్లు, ప్రహరీలో కొబ్బరి, మామిడి, మేడ మీద మేడ. ఒక్కో గేటు వెనక ఒక్కో ఊరి పొలం ఉంది. ఫలానా ఇల్లు పెదపారుపూడి చేను, ఫలానా మేడ నందివాడ చెరువు అని అక్కడి బ్రోకర్లు నవ్వుతూ చెబుతారు. అటు పక్క కొల్లేరు ఉండనే ఉంది కనక, అక్కడా పునాదికి ముందు ట్రాక్టర్లు దిగాల్సిందే.

దివిసీమకి మెరకంటే వేరే అర్థం. కృష్ణ రెండు పాయల మధ్య, సముద్రం ఒడిలో ఉన్న నేల. 1937లో పులిగడ్డ దగ్గర అక్విడక్టు కట్టి పాయ మీదుగా కాలవ నీళ్ళని దాటించాక అక్కడా పంట తిరిగింది. చల్లపల్లి రాజావారి కోట ఒక్కటే పెద్ద ఇల్లుగా ఉన్న సీమలో అవనిగడ్డ, నాగాయలంక, కోడూరుల్లో డాబాలు లేచాయి. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చింది. పోయినవాళ్ళు పది వేలకి పైనే. ఊళ్ళకి ఊళ్ళు తుడిచిపెట్టుకుపోయాయి. బతికినవాళ్ళలో ఎక్కువమంది ఏ డాబా మీదికో, గుడి మీదికో, తాడిచెట్టు మీదికో ఎక్కినవాళ్ళు. దివిసీమ నాయకుడు మండలి వెంకటకృష్ణారావు గారు ఆ తరవాత సీమని మళ్ళీ నిలబెట్టడానికి పడిన పాట్లు ఆ తరం వాళ్ళు కథలుగా చెప్పుకున్నారు.

ఆ ఉప్పెన తరవాత కొన్నేళ్ళ పాటు దివి నుంచి వచ్చినవాళ్ళకి రాసిన దస్తావేజుల్లో నాకు ఒక తేడా కనిపించేది. వాళ్ళు గదులు లెక్కపెట్టేవారు కాదు. మెట్లు చూసేవారు. మేడ మీదికి మెట్లు ఇంటి లోపల నుంచా, బయట నుంచా అని అడిగేవారు. అమ్మేవాళ్ళు లోపల నుంచి ఉంటే గొప్పగా చెప్పబోయేవారు. కొనే ఆవిడ ఒప్పుకునేది కాదు: “బయటుండాలండీ. వీధిలోవాళ్ళు కూడా ఎక్కాలి కదా.” ఇంత ఉన్నవాళ్ళు, వెల పెట్టి ప్రహరీ ఇల్లు కొంటున్నవాళ్ళు, గేటుకి తాళం ఉండకూడదని అడగడం నా వృత్తిలో ఆ ఒక్క సీమ మనుషుల దగ్గరే విన్నాను. వాళ్ళ పిల్లల కాలానికి ఆ పట్టింపు పోయింది. మెట్లు లోపలికి వచ్చాయి, గేటుకి కెమెరా వచ్చింది. 2006లో పులిగడ్డ, పెనుమూడి మధ్య వంతెన పడ్డాక రేపల్లె, గుంటూరు కూడా దగ్గరై, ఇల్లు కొనేవాళ్ళ చూపు నాలుగు వైపులా పోయింది.

మా వృత్తిలో ఉప్పెన 1998 నవంబరులో వచ్చింది. రిజిస్ట్రేషను ఆఫీసుల్లో కంప్యూటర్లు పెట్టారు, కార్డు అని పేరు. అంతకు ముందు దస్తావేజు చేత్తో రాసి, ఆఫీసులో దాన్ని మళ్ళీ చేత్తో లావుపాటి పుస్తకంలోకి ఎక్కించేవారు. ఈసీ, అంటే ఆస్తి మీద ఏ తాకట్లు, అమ్మకాలు ఉన్నాయో చెప్పే కాయితం, కావాలంటే ఆ పుస్తకాలు తిరగెయ్యాలి, రోజులు పట్టేది. ఇప్పుడు నిమిషాలు. వేగం మంచిదే, నేను కాదనను. పోయింది చెక్కుబందీలో వివరం. పాత కాయితంలో ఉత్తరాన ఎవరి చింతచెట్టు, దాని కొమ్మలు ఎటు వాలాయి అని కూడా ఉండేది. ఇప్పుడు ప్లాట్ నంబరు 46, ఉత్తరాన ప్లాట్ నంబరు 45. ఆ 45లో మనుషులున్నారో జిల్లేడు మొలిచిందో ఏ కాయితమూ చెప్పదు.

జిల్లేడు ఎక్కువగానే ఉంది. బందరుకి పోర్టు వస్తుందంటూ 2008లో ఒకసారి శంకుస్థాపన అయింది, ధరలు లేచాయి, పడుకున్నాయి. 2016లో పట్టణాభివృద్ధి సంస్థ పెట్టారు, మళ్ళీ లేచాయి. 2023లో మంగినపూడి వైపు పనులు మొదలయ్యాయి, ఇంకోసారి లేచాయి. ప్రతిసారీ పంటపొలం మీద తెల్లరాళ్ళు పాతి, గేటు కట్టి, గేటు మీద ఏదో ఒక గ్రీన్ సిటీ పేరు రాశారు. గేటు లోపల నిశ్శబ్దం చాలా బాగుంటుంది, ఇల్లు ఒక్కటీ లేదు కనక. ఈడేపల్లి, రామానాయుడుపేట వైపు పాత మేడల్లోనూ ఒక రకం నిశ్శబ్దం పెరుగుతోంది. పిల్లలు డల్లాస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో ఉంటారు, కింద వాటాలో పెద్దావిడ, పైన తాళం. దసరాకి ఈడేపల్లి శక్తిపటం డప్పులు వినపడినప్పుడు మాత్రం ఆ వీధికి ప్రాణం లేచొస్తుంది. ఆ పది రోజులూ ఇల్లు అమ్మకానికి పెట్టినవాళ్ళు కూడా ధర చెప్పరు.

గేటు లేకుండా నెమ్మది సంపాదించుకున్న చోటు ఒకటి ఈ చుట్టుపక్కల ఉంది. చల్లపల్లిలో డాక్టరు డీఆర్కే ప్రసాద్, డాక్టరు పద్మావతి దంపతులు, ఊరివాళ్ళు కలిసి 2014 నవంబరు నుంచి తెల్లవారుజామునే చీపుళ్ళు, పారలు పట్టుకుని రోడ్లు ఊడుస్తున్నారు, డ్రైన్లు తీస్తున్నారు, రోడ్ల వెంట పూలచెట్లు నాటుతున్నారు. ఒకప్పుడు ముక్కు మూసుకుని దాటిన బైపాసు పక్కన ఇప్పుడు నడకకి వస్తున్నారు. ఇది ధర్మం కోసం చేసిన పనే, స్థలాల ధరల కోసం కాదు. కానీ బ్రోకరు దేన్నీ వదలడు కదా. ఆ చెట్లు కనిపించేలా ఫోటో తీసి ప్లాట్లు అమ్ముతున్నవాళ్ళని నేనెరుగుదును.

కొనే ఉద్దేశం ఉన్నవాళ్ళకి నా దగ్గరున్న సలహా చిన్నది. ఎండాకాలంలో చూపించిన స్థలానికి ఎండాకాలంలో బయానా ఇవ్వకండి. లింకు కాయితాలు ముప్పై ఏళ్ళ వెనక్కి చూడండి, ఈసీ తియ్యండి, అదంతా ఎలాగూ చేస్తారు. దాంతో పాటు ఆగస్టులోనో అక్టోబరులోనో ముసురు పట్టిన మూడో రోజున, బ్రోకరుకి చెప్పకుండా, ఆ వీధికి వెళ్ళండి. పక్కింటి ముసలావిడ వరండాలో కూర్చునే ఉంటుంది. నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయో 77 ఉప్పెన నుంచి ఏడాది ఏడాదిగా చెబుతుంది. మీరు కాస్త నిదానంగా కూర్చుని మజ్జిగ పుచ్చుకుంటే, ఆ ఇల్లు కిందటిసారి నిజంగా ఎంతకి పోయిందో, దస్తావేజులో ఎంత వేశారో కూడా చెబుతుంది.